దంతవైద్యులకు బూజుల పాఠం ఎక్కడ మొదలు కావాలి?

2021 జూన్ మొదటి వారంలో ఒక రాత్రి మా పాత పొరుగింటివారు నాకు ఫోన్ చేశారు. ఆయన ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. అప్పటికి 54 ఏళ్ల వయస్సు, పన్నెండేళ్లుగా మధుమేహం. మే నెలలో కోవిడ్ సోకి, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, స్టీరాయిడ్ల సహాయంతో గండం గడిచి ఇంటికి చేరారు.

“డాక్టరు గారూ, ఎడమవైపు పైపన్ను ఒకటి నొప్పి పెడుతుంటే తీయించుకున్నాను. పది రోజులయినా గుంట మానలేదు. ఇప్పుడు దాని పక్క పళ్లు రెండు కదులుతున్నాయి. పన్ను తీసినప్పుడు రక్తం కూడా రాలేదండీ, నా అదృష్టమనుకున్నాను. బుగ్గ మాత్రం మొద్దుబారినట్లు ఉంటోంది.”

రక్తంలో చక్కెర ఎంత ఉందని అడిగాను. ఆ ఉదయం 380 అన్నారు. తెల్లవారేదాకా ఆగవద్దని, ఆ రాత్రికే బయలుదేరి పెద్ద ఆసుపత్రికి వెళ్లమని చెప్పాను. అక్కడి వైద్యులు దీపం వేసి చూసేసరికి అంగిలి మీద రూపాయి నాణెమంత మేర నల్లబడి ఉంది. ఆయన ఎడమ పైదవడలో ఎక్కువ భాగాన్నీ, ఎడమ కంటినీ తీసివేయవలసి వచ్చింది. ఆయన బతికారు. అంగిలిలోని రంధ్రాన్ని మూసే కృత్రిమ పలక పెట్టుకుని భోజనం చేస్తున్నారు, పిల్లలకు ఇంటి వద్ద లెక్కలు చెబుతున్నారు.

కోలుకున్న తరువాత ఒకనాడు ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగారు. “ఆ పళ్ల డాక్టరు గారికి ఈ జబ్బు సంగతి తెలియదా?”

తెలుసు. పరీక్షలో వ్రాసే ఉంటారు, మార్కులు కూడా వచ్చే ఉంటాయి. ఆ వైద్యుడు నా విద్యార్థి కాడు గాని, ఆయన చదివిన పాఠం నేను చెప్పిన పాఠం వంటిదే. ప్రభుత్వోద్యోగం విరమించిన తరువాత కొన్నేళ్లు నేను దంతవైద్య విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం బోధించాను. అందుచేత ఈ వ్యాసంలో తప్పుపట్టవలసిన వారిలో నేనూ ఒకణ్ణి.

పాఠకులకు కొంత నేపథ్యం చెప్పాలి. మన దేశంలో దంతవైద్య పట్టానికి నాలుగేళ్ల చదువు, ఆపైన ఒక ఏడాది హౌస్‌సర్జన్సీ. సూక్ష్మజీవశాస్త్రం రెండవ సంవత్సరంలో సాధారణ రోగవిజ్ఞానంతో జోడించి వస్తుంది. ఆ ఏడాది విద్యార్థి ఇంకా రోగి నోటిని ముట్టుకోడు. కృత్రిమ దవడల మీద పళ్లు అరగదీయడం, సిమెంటు నింపడం, కట్టుడు పళ్లు అమర్చడం సాధన చేస్తుంటాడు. అటువంటి సమయంలో నేను తరగతికి వెళ్లి ఏలికపాము పిల్లలు ప్రేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి గొంతులోకి, తిరిగి ప్రేగుల్లోకి ఎలా ప్రయాణిస్తాయో నల్లబల్ల మీద బాణాల గుర్తులతో గీసేవాడిని. నా వద్ద ఉన్నవి ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల కోసం వ్రాసుకున్న నోట్సు. వాటినే సగానికి కత్తిరించి దంతవైద్యులకు చెప్పాను. కత్తిరించిన సగంలో నోరు పోయిందని అప్పట్లో నాకు తోచలేదు.

మ్యూకర్ అనే బూజు నా నోట్సులో అర పుట. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. ‘వెడల్పయిన తంతువులు, అడ్డుగోడలు అరుదు, లంబకోణంలో కొమ్మలు’ అని వ్రాసి బొమ్మ వేస్తే మార్కులన్నీ ఇచ్చేవాడిని. ఆ తంతువులున్న మనిషి మొట్టమొదట పన్ను నొప్పి అంటూ వస్తాడని, ఒకవైపు పైదవడలో చిగుళ్ల జబ్బేమీ లేకుండానే రెండు మూడు పళ్లు ఒక్కసారిగా కదులుతాయని, పన్ను తీసిన గుంటలో నెత్తురు ఊరదని నేను ఎన్నడూ చెప్పలేదు. నాకు తెలియక కాదు. అది ‘మీ పాఠం’, ఇది ‘మా పాఠం’ అనే విభజన నా తలలో ఉండేది.

నెత్తురు ఎందుకు ఊరదో చెబితే ఈ జబ్బు స్వభావం సగం అర్థమవుతుంది. మ్యూకర్ జాతి బూజులు మట్టిలోను, కుళ్లుతున్న ఆకులలోను, మీ వంటింట్లో పాతబడిన రొట్టె మీద కూడా పెరుగుతాయి. వాటి బీజాలను మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. ఆరోగ్యవంతులలో తెల్లకణాలు వాటిని ఎప్పటికప్పుడు తుదముట్టిస్తాయి. మధుమేహం అదుపు తప్పినవారిలో, స్టీరాయిడ్లు వాడుతున్నవారిలో ఆ కణాలు మందగిస్తాయి. రక్తంలో కీటోన్ల వలన ఆమ్లత్వం పెరిగినప్పుడు, మాంసకృత్తులకు అంటిపెట్టుకుని ఉండవలసిన ఇనుము విడివడి ఈ బూజుకు ఆహారమవుతుంది. ముక్కు పక్కనున్న గాలిగదులలో మొలకెత్తిన తంతువులు రక్తనాళాల గోడలను చొచ్చుకుపోతాయి. నాళాలలో రక్తం గడ్డకడుతుంది. దాని వలన ఎముకకు, కండకు రక్తం అందక అవి చచ్చి నల్లబడతాయి. పైదవడ గాలిగదికి నేల, పైపళ్ల వేళ్లకు కప్పు దాదాపు ఒకటే. కాబట్టి పన్ను కదలడం, ఆ గుంట పొడిగా ఉండటం పంటి జబ్బు కాకపోవచ్చు. పై అంతస్తులో మొదలయిన అగ్నిప్రమాదపు పొగ కింది అంతస్తులో కనిపించడం వంటిది అది.

ఇక్కడ ఒక సవరణ కూడా చేయాలి. పత్రికలు దీనికి ‘బ్లాక్ ఫంగస్’ అని పేరు పెట్టాయి. ఈ బూజు నల్లనిది కాదు, చచ్చిన కండ నల్లనిది. నలుపు కనిపించే నాటికి ఆలస్యం జరిగిపోయింది. ఆ పేరు విన్న విద్యార్థి నలుపు కోసం వెతుకుతాడు. నలుపు లేకపోతే ధైర్యంగా పన్ను తీసివేస్తాడు.

ఆ ఏడాది మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఈ వ్యాధి సోకినవారి వివరాలను తప్పనిసరిగా తెలియపరచాలని ఆదేశించాయి. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రిని ప్రత్యేక కేంద్రం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. జూన్ నెలాఖరుకు దేశం మొత్తం మీద 40,000కు పైగా కేసులు నమోదయ్యాయి. ఆంఫోటెరిసిన్ బి మందు కోసం జనం ఊళ్లు పట్టుకుని తిరిగారు. అయితే ఈ జబ్బు కోవిడ్‌తో పుట్టినది కాదు. అంతకు ముందు కూడా ప్రపంచంలో దీని బెడద ఎక్కువగా ఉన్న దేశాలలో మనది ముందుండేది, కారణం మధుమేహమే. కోవిడ్ తగ్గిపోయింది, మధుమేహం తగ్గలేదు. మళ్లీ ఆ అర పుట పాఠానికే తిరిగి వెళ్లడం నాకు సమంజసంగా తోచదు.

నా వాదం ఇది. దంతవైద్య విద్యార్థికి శిలీంధ్రాల గురించీ, పరాన్నజీవుల గురించీ చెప్పే పాఠం సూక్ష్మదర్శిని వద్ద గాక రోగి నోటి వద్ద మొదలు కావాలి. నోటిలో కనిపించే దానితో ఆరంభించి, అవసరమయినంత మేర మాత్రమే ప్రయోగశాలలోకి వెళ్లాలి. పాఠం పొడవు పెంచమని నేను అనడం లేదు, దాని ముఖం తిప్పమంటున్నాను.

అరుదయిన జబ్బును చూపించి భయపెడుతున్నానని మీరు అనుకోవచ్చు. అయితే రోజూ కనిపించే క్యాండిడా సంగతి చూద్దాం. ఈ శిలీంధ్రం ఆరోగ్యవంతులలో కూడా ఎందరి నోళ్లలోనో కాపురముంటుంది. నోరు ఎండిపోయినప్పుడు, చక్కెర పెరిగినప్పుడు, సూక్ష్మజీవనాశకాలు ఎక్కువగా వాడినప్పుడు, నోటి క్యాన్సరుకు రేడియేషను ఇచ్చినప్పుడు, ఉబ్బసానికి స్టీరాయిడు పీల్చి నోరు పుక్కిలించనప్పుడు ఇది విజృంభిస్తుంది. చంటిపిల్లల నోటిలో పెరుగు తరకల వంటి తెల్లపూత మీరు చూసే ఉంటారు. ఆ పూతను గాజుగుడ్డతో తుడిస్తే వస్తుంది, కింద ఎర్రగా ఉంటుంది. పొగాకు నమిలేవారి బుగ్గలోని తెల్లమచ్చ తుడిచినా రాదు, అది ముందుముందు క్యాన్సరుగా మారవచ్చు. ఈ రెండింటినీ వేరుచేసే పరీక్షకు కావలసినది ఒక గాజుగుడ్డ, ఒక వేలు. అయితే క్యాండిడాలోనే తుడిస్తే రాని రకం ఒకటుంది. అందువల్ల తుడిచినా పోనిదానికి ముక్క తీసి పరీక్ష చేయవలసిందే.

అన్నిటికంటె ఎక్కువగా దొరికేది, అందరికంటె తక్కువగా ఫిర్యాదు చేసేది కట్టుడు పళ్ల కింది ఎరుపు. పైసెట్టు తీసి చూస్తే అంగిలి సరిగ్గా ఆ సెట్టు ఆకారంలో ఎర్రబడి ఉంటుంది. నొప్పి ఉండదు. పెదవుల మూలలు పగిలి ఉంటాయి. ‘వేడి చేసింది’ అనుకుని మజ్జిగ తాగుతారు. సెట్టును రాత్రివేళ తీసి శుభ్రపరచి పెట్టడమే సగం చికిత్స. మందు మాత్రమే వ్రాసి సెట్టు సంగతి మరచిన వైద్యుని వద్దకు ఆ రోగి నెల తిరగకుండా మళ్లీ వస్తాడు.

మందు వ్రాయడంలోనూ పాఠం ఉంది. నిస్టాటిన్ అనే తొలి శిలీంధ్రనాశకాలలో ఒకదానిని 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యూయార్క్ రాష్ట్రపు ఆరోగ్యశాఖలో పనిచేస్తూ కనిపెట్టారు, ఆ రాష్ట్రం పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. ఈ కథ నేను ప్రతి ఏడాదీ తరగతిలో ఎంతో ఇష్టంగా చెప్పేవాడిని. మైకొనజోల్ జెల్ చిగుళ్లకు రాసినా సరే, వార్ఫరిన్ వాడే గుండె రోగిలో రక్తం ప్రమాదకరంగా పలుచబడగలదని మాత్రం ఔషధశాస్త్రం వారు చెబుతారులే అని వదిలేసేవాడిని. ఫ్లూకొనజోల్, మధుమేహానికి వాడే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. మన ఊళ్లలో కట్టుడు పళ్లు పెట్టుకున్న పెద్దవారిలో ఎంతమంది ఆ మాత్రలు మింగుతున్నారో మీరే ఊహించండి.

మరొక మాట, కొంత సాంకేతికమయినా చెప్పి తీరాలి. దంతవైద్యులకు నోటిలోని పుండు నుంచి ముక్క తీయడం బాగా నేర్పుతారు. తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో వేయడం వారికి అలవాటు. క్యాన్సరు పరీక్షకు అదే సరయిన పద్ధతి. అయితే ఫార్మలిన్‌లో పడిన శిలీంధ్రం చచ్చిపోతుంది, దానిని పెంచి గుర్తించడం ఇక సాధ్యపడదు. బూజు అనుమానం ఉంటే ముక్కను రెండుగా చేసి, ఒకటి ఫార్మలిన్‌లోను, మరొకటి సెలైన్‌లోను పంపాలి. మ్యూకర్ అనుమానం ఉంటే ప్రయోగశాలకు ఆ మాట చీటీ మీద వ్రాయాలి, ఎందుకంటే ముక్కను నూరితే ఆ పలుచని తంతువులు చితికిపోయి పెరగవు. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో పెట్టి చూస్తే గంటలోపే వెడల్పయిన తంతువులు కనబడవచ్చు. హిస్టోప్లాస్మా అనే మరొక శిలీంధ్రం నాలుక మీదో చిగుళ్ల మీదో క్యాన్సరును, క్షయను పోలిన పుండును కలిగిస్తుంది. మన దేశంలో గంగా పరీవాహక ప్రాంతాలలో ఇది ఎక్కువ. ఆ పుండును చూసి క్యాన్సరని కంగారుపడటం ఒక తప్పు, నోటిపూత అనుకుని స్టీరాయిడు లేపనం వ్రాయడం అంతకంటె పెద్ద తప్పు. రెండవ సీసా ఖరీదు పది రూపాయలుండదు. దాని గురించి నేను ఒక్క ప్రశ్న కూడా పరీక్షలో ఇవ్వలేదు.

ఇక పురుగుల సంగతి. పంటిలో పురుగు ఉంటుందని, వాకుడు గింజల పొగ పెడితే అది రాలిపడుతుందని మా చిన్నతనంలో పెద్దలు నమ్మేవారు. పిప్పిపంటిలో పురుగు ఉండదు. 1728లోనే ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫొషార్ సూక్ష్మదర్శినితో చూసి కూడా తనకు పురుగులు కనిపించలేదని వ్రాశాడు. ఈ మాట చెప్పి విద్యార్థులను నవ్వించేవాడిని. అయితే మంచం పట్టి, నోరు మూసుకోలేని స్థితిలో ఉన్న ముసలివారి చిగుళ్లలోను, పక్షవాతం వచ్చినవారిలోను ఈగలు గుడ్లు పెట్టి, అవి ఒకటి రెండు రోజులలో పొదిగి నిజమయిన పురుగులు తిరగడం మన దేశపు దంతవైద్యశాలల్లో కనిపించేదే. ఇంటివారు సిగ్గుతో చెప్పరు. చూసిన యువ వైద్యుడు మొదటిసారి బిత్తరపోతాడు. పురుగులను టర్పెంటైన్ తైలపు దూదితో బయటకు రప్పించి పటకారుతో ఒక్కొక్కటీ తీయడం, గాయాన్ని కడగడం, ఐవర్‌మెక్టిన్ ఎప్పుడు ఇవ్వాలో తెలుసుకోవడం అతడికి ఎవరు నేర్పుతారు? అంతకంటె ముందు, ఆ ఇంటివారిని అసహ్యించుకోకుండా మాట్లాడటం ఎవరు నేర్పుతారు?

చిగుళ్లలో కాపురముండే అమీబా కథ కూడా తరగతిలో చెప్పదగినదే. దంతాల పాచిలో గ్రోస్ అనే ఆయన 1849లో దానిని చూశాడు. మనిషిలో కనుగొన్న అమీబాలలో అదే మొదటిది. 1912లో కలకత్తాలో లెనర్డ్ రోజర్స్ ఎమెటిన్ సూదిమందుతో అమీబా జిగట విరేచనాలను నయం చేయగలనని చూపిన తరువాత, అమెరికాలో కొందరు చిగుళ్ల జబ్బుకు మూలం ఈ అమీబాయేనని తీర్మానించి, చీము కారే చిగుళ్లకు ఎమెటిన్ ఇవ్వసాగారు. వారిలో చార్లెస్ బాస్ ఒకడు. న్యూ ఆర్లీన్స్‌లోని ట్యులేన్ విశ్వవిద్యాలయంలో వైద్యుడు. 1912లో సహచరుడు జాన్స్‌తో కలసి మలేరియా క్రిములను గాజునాళికలో పెంచిన వ్యక్తి. ఆ ఇద్దరే 1915లో ఈ చిగుళ్ల వ్యాధిపై పుస్తకం ప్రచురించారు. కొద్ది ఏళ్లలో ఆ సిద్ధాంతం నిలవలేదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న నోళ్లలో కూడా ఆ అమీబా కనిపించింది, ఎమెటిన్ గుండెకు చేటు చేసేది. బాస్ మహాశయుడు మాత్రం పళ్లను వదలలేదు. పదవీ విరమణ తరువాత తన పళ్ల మీదా ఇతరుల పళ్ల మీదా పేరుకునే పాచిని సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూ, చిగురు అంచున కుంచెను వాలుగా పెట్టి తోమే పద్ధతిని రూపొందించాడు. దంతవైద్య విద్యార్థులందరూ కంఠస్థం చేసే ‘బాస్ పద్ధతి’ అదే. అతడు పరాన్నజీవుల మీద పనిచేసినవాడని మాత్రం నేను అడిగిన ఏ విద్యార్థికీ తెలియదు. (విశ్రాంత వైద్యులు వ్యాసాలు వ్రాయడం కంటె మెరుగయిన పనులు కూడా చేయగలరని ఇక్కడ నాకు నేను చెప్పుకోవాలి.) ఇటీవల జన్యుపరీక్షలతో జబ్బు చిగుళ్లలో ఆ అమీబా ఎక్కువగా కనిపిస్తున్నదని మళ్లీ చర్చ మొదలయింది. ఒక క్రిమి జబ్బు దగ్గర దొరికినంత మాత్రాన అది జబ్బుకు కారణం కాదనే సంగతి, ఏ నిర్వచనం కంటె కూడా ఈ కథ వలన బాగా తెలుస్తుంది.

మరొక సంగతి బద్దెపురుగుది. పందిమాంసం తినేవారికే బద్దెపురుగు జబ్బు అనే అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. మాంసం వలన ప్రేగులో పెద్ద పురుగు పెరుగుతుంది, నిజమే. అయితే ఆ పురుగున్న మనిషి మలం నుంచి గుడ్లు నీటిలోకో కూరగాయల మీదికో, కడుగని చేతులకో చేరితే, జన్మలో మాంసం ముట్టనివారికీ ఆ గుడ్ల నుంచి వెలువడిన పిల్లలు కండరాలలో, మెదడులో తిత్తులు కట్టుకుంటాయి. మెదడులో తిత్తి ఉంటే మూర్ఛలు వస్తాయి. మూర్ఛకు ఫెనిటాయిన్ ఇస్తారు. ఫెనిటాయిన్ వలన కొందరికి చిగుళ్లు పళ్లను కప్పేటంతగా పెరుగుతాయి. పెరిగిన చిగుళ్లతో ఆ మనిషి ఎక్కడికి వస్తాడు? దంతవైద్యుని కుర్చీలోకే. అదే తిత్తి ఒక్కొక్కప్పుడు పెదవిలోనో నాలుకలోనో నొప్పిలేని చిన్న గడ్డగా కనిపిస్తుంది. లాలాజలపు బుడగ అనుకుని కోసివేస్తారు. పరీక్షకు పంపితే పురుగుపిల్ల తల కనిపిస్తుంది, అప్పుడు మెదడుకు, కంటికి పరీక్షలు జరుగుతాయి. పంపకపోతే గడ్డ పోయింది గదా అనుకుని ఇంటికి వెళ్తాడు. కోసిన ప్రతి ముక్కనూ పరీక్షకు పంపాలనే నియమానికి ఇంతకంటె మంచి కారణం నేను చూపలేను.

నా మిత్రులు కొందరు దీనికి ఒప్పుకోరు. దంతవైద్యుడు ఆంఫోటెరిసిన్ ఎక్కించడు గదా, మెదడు తిత్తికి చికిత్స చేయడు గదా, ఇంత ఎందుకంటారు. చేయవలసిన అవసరం లేదు, అనుమానించాలి, పన్ను తీయకుండా ఆగాలి, ఆ రోజే పంపాలి. మా మాస్టారి విషయంలో ఆ పది రోజులే ఒక కన్ను. మరికొందరు, అసలే పాఠ్యప్రణాళిక బరువెక్కి ఉంది, ఇంకా ఏమి చేర్చుతారు అంటారు. ఈ మాటతో నేను ఏకీభవిస్తాను. అందుకే తీసివేయవలసినవి కూడా చెబుతున్నాను. ఏలికపాము ప్రయాణం, కొంకిపురుగు దశలు, మలంలోని గుడ్ల కొలతలు దంతవైద్య విద్యార్థికి అక్కరలేదు. నేను ఎంతో అందంగా గీసే బొమ్మలు పోతాయి, పోనీయండి. వాటి స్థానంలో మూడవ, నాలుగవ సంవత్సరాలలో రోగులను చూసే వేళ సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు తానే నోటివ్యాధుల విభాగానికి నడచి వెళ్లాలి. 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం వచ్చింది. పాఠ్యప్రణాళికను తిరిగి ఆలోచించడానికి ఇది మంచి సమయం.

ఎక్కువగా నేర్పితే ప్రతి మచ్చనూ బూజు అంటారేమో అనే భయం కూడా ఉంది. నా అనుభవం వేరు. 2021 వేసవిలో నల్లబూజు పట్టిందంటూ నా వద్దకు నలుగురు పరుగెత్తుకు వచ్చారు. ఒకరిది కిళ్లీ మరక, ఒకరిది పాతకాలపు వెండి సిమెంటు, ఇద్దరివి నల్లబారిన నాలుకలు, అంటే నాలుక మీది సన్నని మొలకలు పొడవు పెరిగి రంగు పట్టడం. ముగ్గురు అప్పటికే స్కానింగులు చేయించుకున్నారు. నేర్వనివాడే రెండు వైపులా తప్పు చేస్తాడు.

పాఠకులకు నా మనవి కొద్దిపాటిదే. దంతవైద్యుని వద్దకు వెళ్లినప్పుడు మీ చక్కెర సంగతి, స్టీరాయిడ్ల సంగతి, ఇన్‌హేలరు సంగతి, రక్తం పలుచబడే మందుల సంగతి అడగకపోయినా చెప్పండి. మధుమేహమున్నవారికి ఒకవైపు పైపళ్లు హఠాత్తుగా కదిలినా, బుగ్గ మొద్దుబారినా, ముక్కు ఒకవైపే మూసుకుని నల్లని స్రావం వచ్చినా, పన్ను తీసిన గుంట రెండు వారాలకు కూడా మానకపోయినా ఊరుకోవద్దు. ముఖం వాచినా, కన్ను ఉబ్బినా, చూపు రెండుగా కనిపించినా అదే పూట పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. మీ నోటి నుంచి ఏదయినా కోసి తీస్తే, దానిని పరీక్షకు పంపారా అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకు కోపగించుకునే వైద్యులను నేను చాలా తక్కువమందిని చూశాను.

గత ఏడాది పొరుగు పట్టణంలోని ఒక కళాశాలవారు రెండు గంటల పాఠం చెప్పమన్నారు. రెండు గంటలు కాదు, వేరు వేరు రోజులలో రెండు పూటలు కావాలన్నాను. వారాంతంలో ఇళ్లకు వెళ్లినప్పుడు కట్టుడు పళ్లున్న పెద్దవారిని అడిగి, వారు సరేనంటే సెట్టు లోపలివైపు దూదిపుల్లతో రాసి తెమ్మన్నాను. పదకొండు పుల్లలు వచ్చాయి. సోమవారం వాటిని సబురో పోషకంపై రుద్దాము. బుధవారానికి ఏడింటిలో మీగడ రంగు చుక్కలు లేచాయి. వాటిలో నుంచి కొద్దిగా తీసి మనిషి రక్తపు సీరంలో 37 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచితే, క్యాండిడా అల్బికాన్స్ అయినవి మొలకెత్తిన పెసలవలె తోకలు చాచాయి. విద్యార్థులు వరుసగా వచ్చి సూక్ష్మదర్శినిలో చూశారు.

ఒక అమ్మాయి చాలాసేపు చూసి తల ఎత్తింది. “సార్, ఇది మా అమ్మమ్మది. ఆవిడ తొమ్మిదేళ్లుగా రాత్రిళ్లు కూడా సెట్టు తీయదు. పెదవి మూలలు ఎప్పుడూ పగిలే ఉంటాయి, చలికాలమని అనుకునేవాళ్లం. చక్కెర పరీక్ష కూడా చేయించలేదు. ఇప్పుడే చెప్పవచ్చా?”

చెప్పమన్నాను. తరగతి ఇంకా పది నిమిషాలుండగానే ఆమె ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది.